లాభం, రెండు, మూడు

టీబీ నా దగ్గర నుంచి పట్టుకుపోయినవి: పదహారు కిలోల ఒళ్లు, ఎడమ ఊపిరితిత్తిలో కొంత భాగం, తెల్లవారుజామున పరుగు, మెట్లెక్కే ధైర్యం. ఈ ఉదయం మార్కాపురం బజారులో కందుల ధూళి ముక్కుకు తగిలింది. ఒక ముసలాయన మానికతో కొలుస్తూ "లాభం, రెండు, మూడు" అంటున్నాడు. పోయినవాటిలో చాలావాటిని నాకు తిరిగి ఇప్పించిన సుబ్బయ్య మామ గుర్తొచ్చాడు.

మామది గింజల దుకాణం. దాని వెనుక రేకుల షెడ్డులో తాలింఖానా, అంటే కసరత్తుశాల, నడిపేవాడు. వయసులో ఉండగా నేను అక్కడే ఒక్క ఊపున వంద బస్కీలు తీసేవాణ్ణి. మందుల కోర్సు ముగిసి, మెల్లగా కసరత్తు మొదలుపెట్టమని డాక్టరు చెప్పాక మళ్లీ అక్కడికే వెళ్లాను. ఒక్క బస్కీ తీసి ఎలాగో లేచి, గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"లాభం" అన్నాడు మామ.

"ఏంది మామా లాభం? ప్రాణం పోతాంటే!"

"లేచినావు గదా అల్లుడా. మంచంలో ఉంటే ఇది వచ్చేదా?"

మా వైపు గింజలు కొలిచేవాళ్లు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు ధ్వనిస్తుందని ఆరున్నొకటి అంటారు. మామ నా బస్కీలనూ అలాగే కొలిచేవాడు. నాదేమో పలకల ఫ్యాక్టరీలో పెట్టెలు లెక్కపెట్టే ఉద్యోగం. నా లెక్క వేరు. ఎన్ని తీసినా పాత వందలోంచి తీసివేసుకునేవాణ్ణి. ఒకరోజు మామ పట్టేశాడు.

"ఏంది గొణుగుతుండావు?"

"ఇంకా తొంభై ఒకటి తక్కువ మామా. రేపటి నుంచి రాను. ఇది అయ్యేది కాదు."

ఆయన నవ్వాడు. "నా దుకాణంలో కూర్చుంటే రెండు రోజుల్లో మూయించేటట్టుండావు. రాని గింజను ఎవడైనా కొలుస్తాడా?"

నేను ఉక్రోషంతో పదో బస్కీకి వంగబోతే భుజం పట్టుకుని ఆపాడు.

"అది బాకీ. రేపు వచ్చి తియ్యి. బాకీ పెట్టినోడు దుకాణానికి రాకుండా యాడికి పోతాడు?"

మర్నాడు వెళ్లాను. అప్పటి నుంచి రోజూ ఒకటి మిగిల్చే పంపేవాడు. లెక్క పెరుగుతూ పోయింది. వందలోంచి తీసివేయడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

ఒక వానాకాలం ఉదయం వెళ్లేసరికి దుకాణం ముందు జనం నిలబడి ఉన్నారు. మామ నిద్రలోనే పోయాడట. ముందురోజు నన్ను ఆపింది యాభయ్యో బస్కీ దగ్గర.

ఇప్పటికీ లాభంతోనే మొదలుపెడతాను. నలభై తొమ్మిది దగ్గర ఆగుతాను. ఇంకొకటి తీసే సత్తువ కాళ్లలో ఉంటుంది. తీయను. మామకు నేను బాకీ ఒకటి.