స్వరూపకు లేని రోగం

లేని సుఖవ్యాధిని స్వరూపకు అంటగట్టింది మా ల్యాబే.

2007. నాచారంలో చిన్న ల్యాబ్. నేను పదో తరగతి తప్పి, సీసాలు కడుగుతూ పని నేర్చుకున్నవాణ్ణి. స్వరూపకు అప్పటికే మూడుసార్లు కడుపు పోయింది. కారణం వెతుకుతూ నర్సింగ్‌హోమ్ డాక్టరమ్మ రాసిన పరీక్షల్లో వీడీఆర్ఎల్ ఒకటి. సిఫిలిస్‌ను పసిగట్టే తొలి పరీక్ష అది. రియాక్టివ్ అని, అంటే రోగం ఉండొచ్చని వచ్చింది. వ్యాధిని ఖాయం చేసే టీపీహెచ్ఏ చేయకుండానే మా ఓనరు సంతకం పెట్టాడు. కవరులో పెట్టి ఇచ్చింది నేను. డాక్టరమ్మ కూడా అదే ఖాయమనుకుంది.

వారం తిరక్కముందే స్వరూప భర్త శ్రీశైలం వచ్చాడు. మల్లాపూర్ ఫ్యాక్టరీలో పని.

"నాకు పరీక్ష జేస్తే ఏం లేదన్నరు కాకా. మరి దీనికి యాడికెల్లి వచ్చింది? చెంగిచెర్లకు, తల్లిగారింటికి తోలిన."

"ఆమెను ఒక్క మాట అడిగినవా?"

"ఏమడగాలె? కాయితమే జెప్తుంటే!"

ఆ కాయితం మాది. ఫ్రిజ్‌లో ఆమె నెత్తురు తేట, సీరం, మిగిలి ఉంటే టీపీహెచ్ఏ చేశాను. నెగటివ్. నమ్మకం చాలక మళ్ళీ చేశాను. నెగటివే.

మరి వీడీఆర్ఎల్ ఎందుకలా వచ్చింది? పక్కన డిక్షనరీ పెట్టుకొని పాత పాఠ్యపుస్తకం తిరగేస్తే దొరికింది. కొందరి ఒంట్లో ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వుల మీదికి యాంటీబాడీలు పుడతాయి. అవి వీడీఆర్ఎల్‌ను మోసం చేస్తాయి. కడుపులో బిడ్డను పోషించే మాయలో నెత్తురు గడ్డకట్టించి కడుపూ పోగొడతాయి. పుస్తకం పట్టుకొని డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

"నువ్వు టెక్నీషియన్‌వి, డాక్టర్‌వి కావు."

"కానమ్మా. తప్పు కాయితం ఇచ్చినోణ్ణి."

విసుక్కుంటూనే ఆ యాంటీబాడీల పరీక్ష రాసింది. చెంగిచెర్ల పోయి నెత్తురు నేనే తీసుకొచ్చాను. పాజిటివ్. పన్నెండు వారాల తర్వాత మళ్ళీ వస్తేనే లెక్క. అప్పుడూ పాజిటివే. అన్నీ శ్రీశైలం ముందు పరిచాను. మర్నాడు పోయి ఆమెను తోలుకొచ్చుకున్నాడు.

నాలుగోసారి నెల తప్పినప్పుడు చిన్న మోతాదు ఆస్పిరిన్, రోజూ పొట్ట మీద హెపారిన్ సూది; రెండూ నెత్తురు గడ్డకట్టకుండా. ఎనిమిదో నెల చివర ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ, అయినా బతికింది.

ఆ తర్వాత టీపీహెచ్ఏ చేయనిదే రియాక్టివ్ వచ్చిన ఏ రిపోర్టునూ గడప దాటనివ్వలేదు, ఓనరు ఎన్ని తిట్టినా సరే.

శ్రీశైలాన్ని మాత్రం కనిపించినప్పుడల్లా నిలదీసేవాణ్ణి: "ఆమెకు తప్పయిందని చెప్పినవా, లేదా?" డ్యూటీకి టైమయిందని జారుకునేవాడు. బిడ్డ బోర్లాపడ్డ రోజుల్లో నోరు విప్పాడు:

"ఎప్పుడో చెప్పిన కాకా. 'మాటలొద్దు, సూది నువ్వే ఎయ్యి' అన్నది. కాన్పయ్యేదాంక ఇంకో మాట మాట్లాడలే. దినాం పొద్దుగాల పొట్ట మీది చీర జరిపేది, గంతే."