డబ్బింగ్ బాలమణి, గుట్ట మీది కోతుల గొంతులు

బాలమణిది జనగామ. ఇరవై రెండేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో హీరోయిన్లకు డబ్బింగ్ చెబుతోంది. ముంబై నుంచి దిగిన అమ్మాయిలు పెదాలు కదుపుతారు, కోస్తా తెలుగులో సిగ్గుపడే పని బాలమణిది. యూసుఫ్‌గూడలోని ఇంట్లో ‘ఏంది’ అనే మనిషి మైకు ముందుకొస్తే ‘ఏంటండీ’ అంటుంది. వయసు నలభై ఆరు, గొంతుకి పంతొమ్మిది. హీరోల వయసూ అంతే, కాకపోతే వాళ్లకు మొహానికి కూడా పంతొమ్మిదే.

ఆమె పనిచేసే స్టూడియో వెనక రాళ్లగుట్ట ఉంది. మధ్యాహ్నమయ్యేసరికి గుట్ట మీది కోతులు స్టూడియో డాబా మీదికి దిగుతాయి. అక్కడే ఆమె టిఫిన్ డబ్బా విప్పుకుంటుంది. కార్తీకంలో ఒకరోజు పిట్టగోడ దగ్గర ఒక అమ్మాయి రికార్డరు పట్టుకుని కనిపించింది. పేరు వర్ణిక. కోతులు జత కట్టే తీరు మీద యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది.

వాటర్ ట్యాంకు వెనక నుంచి ఒక అరుపు వినిపించింది.

“ఎవరు అరిచింది? ఆ పెద్ద మగదేనా?” అని వర్ణిక తనలో తాను గొణుక్కుంది.

“పెద్దసారు కాదమ్మా, చెవి తెగినోడు,” అంది బాలమణి, అన్నం కలుపుకుంటూనే.

వర్ణిక పరుగెత్తి చూసింది. చెవి తెగినదే. మర్నాటి నుంచి ఆ అమ్మాయి కూడా టిఫిన్ డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

పెద్దసారు అంటే గుంపులో పైచేయి మగకోతి. తోక నిటారుగా లేపి, వెనకాల కెమెరా ఉన్నట్టే నడిచేది. ఒకనాడు అది రంగి అనే ఆడకోతి దగ్గరకొచ్చి నడుము మీద చెయ్యి వేసింది. లేచి నిలబడితే ఒప్పుకున్నట్టు. రంగి లేవలేదు. గోడకు అతుక్కుపోయినట్టు కూర్చుంది. పెద్దసారు కాసేపు నిలబడి, ఆకాశంలో ఏదో చూసినట్టు నటించి వెళ్లిపోయింది. సాయంత్రానికి రంగి, ఈమధ్యే వేరే గుంపు నుంచి వచ్చిన బక్క మగకోతితో లిఫ్టు గది వెనక్కి తనే నడిచి వెళ్లింది.

“నెలల తరబడి మోసేది, పాలిచ్చేది ఆడది. తప్పు ఎంపిక ఖరీదు దానికే ఎక్కువ. అందుకే లక్షల ఏండ్లుగా ఏరుకోవడం నేర్చుకున్నది,” అంది వర్ణిక. “అట్లని మగకోతులన్నీ మంచివేం కావు, కరిచేవీ ఉన్నయి. కరిస్తే ఆడది ఒప్పుకుంటదని మాత్రం గ్యారంటీ లేదు.”

బాలమణి ముద్దను తిరిగి డబ్బాలో పెట్టేసింది.

“నాకు పంతొమ్మిదేండ్లప్పుడు ఓంప్రకాష్ అనేటోడు ఏడాది నా బస్సు ఎంటవడ్డడు. వద్దంటే చెయ్యి కోసుకున్నడు. ఊరంతా ఎంత ప్రేమో అన్నరు. చేసుకున్న. రెండేండ్లకు ఇంకో బస్సు ఎంటవడ్డడు,” అంది. “గట్ల కదలకుండ కూసోవచ్చని నాకెవ్వరు జెప్పలే,” అని డబ్బా మూసేసింది.

ఆ వారమే క్రాంతికుమార్ అనే దర్శకుడి సినిమాకు డబ్బింగ్. హీరో ఏడు రోజులు హీరోయిన్ స్కూటీకి అడ్డంపడతాడు. ఎనిమిదో రోజు ఆమె కళ్లు తుడుచుకుని, “ఇంతలా వెంటపడితే కాదని ఎలా అనను?” అనాలి. బాలమణికి నవ్వు ఆగలేదు. ఆరో టేకు కూడా పోయింది.

“సీన్లో నవ్వెక్కడుందండీ?” అన్నాడు క్రాంతికుమార్.

“ఏడు దినాలు అడ్డంబడితే పోలీసులకు ఫోన్ జెయ్యాలె గని, గీ మాటంటదా సార్? మా గుట్ట మీద కోతి నయం. ఆడది లేవకపోతే దాని తొవ్వన అది పోతది.”

“కోతులు టికెట్టు కొనవు కదండీ,” అన్నాడాయన. సాయంత్రానికి వేరే గొంతు వచ్చింది. సినిమా యాభై రోజులాడింది. ఆ డైలాగును కృష్ణానగర్ కుర్రాళ్లు స్టేటస్ పెట్టుకున్నారు. న్యాయం గెలిచే కథలు ఫిల్మ్‌నగర్‌లో రాస్తారు గాని, జరగనివ్వరు.

బాలమణికి పిలుపులు తగ్గాయి. ఇచ్చిన డైలాగు చెప్పదని పేరు పడింది. వర్ణిక ఆమెను తన ప్రొఫెసర్ పరబ్రహ్మం దగ్గరకు తీసుకెళ్లింది. అరుపు వినే ఏ కోతిదో చెప్పేస్తుందంటే ఆయన నమ్మలేదు. నలభై అరుపులు వినిపించి, ఏది ఏ కోతిదో చెప్పమన్నారు. ఆయన కంప్యూటరు ఇరవై తొమ్మిది సరిగ్గా చెప్పింది. బాలమణి ముప్పై ఆరు.

“ఎలా సాధ్యమమ్మా?”

“మా హీరోయిన్లకు ఏడ్చినా నవ్వినా ఒకటే మొహం సార్. తేడా గొంతులనే జూపియ్యాలె. ఇరవై రెండేండ్లు గదే పని.”

ఆయన నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ నెల నుంచే ఆమెకు పరిశోధనలో ఉద్యోగం. పొద్దున్నే గుట్టెక్కడం, ఎవరు అరిచారో, ఎవరు ఎవర్ని కాదన్నారో రాయడం.

ఎండాకాలంలో రంగికి పిల్ల పుట్టింది. తండ్రి బక్కోడేనని బాలమణి బల్లగుద్ది చెప్పింది, పెద్దసారని పరబ్రహ్మం అన్నారు. కోతుల మలం ఏరి డీఎన్‌ఏ పరీక్షకు ల్యాబుకు పంపారు. ఫలితం వచ్చిన రోజు వర్ణిక ఆయాసపడుతూ గుట్టెక్కింది.

“ఇద్దరూ కాదు మేడమ్. ఆ మూలకు కూసునే ముసలోడు, మన లిస్టుల పన్నెండో నంబరు.”

బాలమణి తన పుస్తకమంతా తిరగేసింది. పన్నెండో నంబరు పేరు మీద ఒక్క అరుపూ లేదు. అది ఆ చివర రాయి మీద కూర్చుని, ఎవరితోనూ సంబంధం లేనట్టు చింతకాయ నములుతోంది.

“నోరు తెరవకుండ ఎంత పని జేసినవ్ రా!” అని బాలమణి దానికి దండం పెట్టి, కొత్త పేజీ తీసి పన్నెండు అని రాసుకుంది.