చావింటికి వచ్చే దొర

మా బొగ్గు గనుల కాలనీలో ఎవరింట్లో చావు జరిగినా చుట్టాల కంటే ముందు దొర వచ్చేవాడు. టెంటు వేసేవాళ్లు ఇంకా గుంజలు దించుతుండగానే ఇంట్లోకి నడిచేవాడు. శవాన్ని ఉంచిన ఫ్రీజర్ పెట్టెను ఆనుకొని పడుకునేవాడు. పాడె లేచేదాకా కదిలేవాడు కాదు. ఏడేళ్లలో ఒక్క చావు కూడా తప్పలేదు. అంత క్రమం తప్పని హాజరు మా కాలనీలో ఇంకెవరికీ లేదు.

దొర అంటే కుక్క. నీలం కళ్లు, తోడేలు మూతి, ఒంటినిండా పత్తి బస్తాకు సరిపడా బొచ్చు. మంచు దేశాల్లో చక్రాలు లేని బండిని మంచు మీద లాగే జాతి. అలాంటివాడు మంచిర్యాల అవతల, నలభై ఆరు డిగ్రీల ఎండలో, బొగ్గు దుమ్ములో బతికాడు. మొన్న మే నెలలో చనిపోయాడు.

నా పేరు అనసూర్య. ఇక్కడి పశువుల దవాఖానలో కాంపౌండర్‌ని. డాక్టరుగారు నాలుగు మండలాలు తిరగాలి కాబట్టి కాలనీవాళ్లు నన్నే డాక్టరమ్మ అంటారు. దొరకు ఆఖరి సెలైను పెట్టింది నేనే. బతికినంతకాలం వాడి మీద అపనింద వేసింది కూడా నేనే.

వాడు పుట్టింది ఎక్కడో తెలియదు కానీ పెరిగింది కరీంనగర్‌లో, వంశీధర్‌రావు గారి ఇంట్లో. కూతురు ప్రణతి ముచ్చటపడితే ఆయన ఈ కుక్కపిల్లను కొనుక్కొచ్చాడు. ఏసీ గదిలో పెంచారు. రెండేళ్లకు వాడు గేదె దూడంత అయ్యాడు. బల్లకు కడితే బల్లను లాగాడు, కిటికీకి కడితే ఊచను లాగాడు. ప్రణతి చదువుకోవడానికి హైదరాబాద్ వెళ్లిపోయింది. కుక్కను ఎవరికైనా మంచివాళ్లకు ఇచ్చెయ్యమని వంశీధర్‌రావు తన డ్రైవరు రాయమల్లుకు చెప్పాడు. రాయమల్లుకు తెలిసిన మంచివాళ్లు అక్కా బావలే.

బావ బుచ్చిరాములు. ముప్పై నాలుగేళ్లు భూమి కింద బొగ్గు తవ్వి రిటైరయ్యాడు. నాలుగు మాటలు మాట్లాడితే రెండుసార్లు దగ్గుతాడు. అక్క సమ్మవ్వ. కారులోంచి దిగిన జంతువును చూసి ఆమె చీపురు చేతిలోకి తీసుకుంది.

"గీ తోడేలును యాడికెల్లి వట్టుకొచ్చినవ్ తమ్మీ?"

"తోడేలు గాదక్కా, కుక్క. దొరోళ్ల కుక్క."

"దొరోళ్ల కుక్క మనింట్ల ఏం తింటది?"

"ఏం వెడితే గది తింటది. జర చల్లగ ఉంచాలె, గంతే."

"చల్లగనా? గీ బొగ్గు బాయిల నడుమనా?"

దొరోళ్ల కుక్క రెండు రోజుల్లో దొర అయింది. ఆ పేరు బుచ్చిరాములుకు భలే నచ్చింది. సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకొని, వచ్చేపోయేవాళ్లకు చూపించేవాడు.

"మా బాపు దొరల గడీ ముంగట చెప్పులిడిసి నిలవడ్డోడు. గిప్పుడు సూడు. దొరా, కూసో."

దొర కూర్చునేవాడు.

"దొరా, లే."

లేచేవాడు.

"సూసినవా?" అని బుచ్చిరాములు నవ్వేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది. దగ్గు తగ్గేదాకా దొర లేచే నిలబడేవాడు.

మొదటి ఎండాకాలం సమ్మవ్వ వాడికి గుండు చేయించబోయింది. మంగలి కత్తెర సానబెడుతుండగా నేను వెళ్లి ఆపాను. ఆ బొచ్చు చలినే కాదు, ఎండను కూడా ఆపుతుందని చెప్పాను. ఆమె నమ్మలేదు.

"నువ్వు స్వెటరేస్కొని తిరుగు డాక్టరమ్మా, సూద్దాం" అంది.

కానీ గుండు మాత్రం చేయించలేదు. నీళ్ల గోలెం వాడికి వదిలేసింది. పగలంతా వాడు గోలెంలో, తల ఒక్కటి పైకి పెట్టి కూర్చునేవాడు. అటు పోయేవాళ్లు ఆగి నమస్తే దొరా అనేవాళ్లు.

ఆ మే నెలలోనే పక్క వీధిలో రిటైరైన ముసలాయన ఒకరు పోయారు. దూరంలో ఉన్న పెద్దకొడుకు రావాలి కాబట్టి ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. దొర గోలెంలోంచి లేచి, నీళ్లు కారుతూ, గుంపును చీల్చుకొని పోయి పెట్టె పక్కన పడుకున్నాడు. చిన్నకొడుకు కర్ర తీశాడు. ముసలాయన భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"కొట్టకు బిడ్డా. కాలభైరవుడు. మీ బాపుకు తోడు వచ్చిండు."

అంతే. ఆ మాట సాయంత్రానికి కాలనీ మొత్తం తిరిగింది. తర్వాత ఎవరు పోయినా దొర వచ్చేవాడు, జనం దారి ఇచ్చేవాళ్లు. ఎవరో పసుపుబొట్టు పెట్టడం మొదలుపెట్టారు. వాడు పెట్టెకు ఏ వైపు పడుకుంటే చచ్చిపోయినవాళ్లకు ఏ గతి పడుతుందో కూడా జనం చెప్పుకునేవాళ్లు. ఒక చలికాలం ఫ్రీజర్ తెప్పించని ఇంటికి దొర గడపదాకా వెళ్లి, కొంచెంసేపు నిలబడి తిరిగొచ్చాడు. ఆ ఇంటి కోడలు బుచ్చిరాములు దగ్గరికి ఏడుస్తూ వచ్చింది.

"మా మామ మంచోడే కాకా. దొర ఎందుకు కూసోలే?"

బుచ్చిరాములు గంభీరంగా ఆలోచించి, "ఆనికి జరమొచ్చింది బిడ్డా" అన్నాడు.

నేను ఇదంతా విని ఊరుకోలేకపోయాను. చదువుకున్నదాన్ని కదా.

"ఇందులో కాలభైరవుడూ లేడు, ఏమీ లేడు" అని దవాఖానకు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను. "అది మంచుదేశపు కుక్క. మన కాలనీలో అన్నిటికంటే చల్లగా ఉండేది శవాల పెట్టె. చల్లదనం కోసం పోతుంది. అంతే."

అందరూ తల ఊపి, బర్రెకు మందు తీసుకొని, దొర దగ్గరికే పోయేవాళ్లు.

నాలుగేళ్ల కిందట మా కాలనీలోనే ఉండే శ్యామల భర్త రవి చనిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. డ్యూటీ నుంచి వస్తుంటే మలుపు దగ్గర లారీ గుద్దింది. ఆ రోజు కాలనీలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. దొర పెట్టె పక్కన మామూలుగానే ఉన్నాడు. నెల తర్వాత శ్యామల మేకకు మందు కోసం వచ్చింది. చిక్కిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"పెట్టె తీస్కపోయినంక గూడ దొర వచ్చిండు మేడం. పదకొండు రోజులు వచ్చిండు. పొద్దుగాల వచ్చి, నేను కూసున్నకాడ పండుకొని, పొద్దూకంగ పోయిండు."

"అన్నం పెట్టావేమో, అలవాటు పడ్డాడు" అన్నాను.

"పొయ్యే ముట్టియ్యలే మేడం. ఏం వెడ్త?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. "మీ ఇంట్లో బండలు పరిచారు కదా. చల్లగా ఉంటాయి" అన్నాను.

శ్యామల నా వైపు చూసి, మందు తీసుకొని వెళ్లిపోయింది. ఆ చూపు గురించి తర్వాత చాలాసార్లు తలచుకున్నాను. అప్పుడు మాత్రం సైన్సు గెలిచిందనే అనుకున్నాను.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో వంశీధర్‌రావు బుచ్చిరాములుకు ఫోన్ చేశాడు. కుక్కను ఇచ్చేశాక అదే మొదటిసారి.

"బుచ్చిరాములూ, అమ్మ పోయింది. పొద్దున. వారం రోజుల నుంచి, కుక్క ఏదిరా అని ఒక్కటే అడిగింది. నేను తెప్పిస్తా తెప్పిస్తా అనుకుంటనే ఉన్న." గొంతు తగ్గించాడు. "రాయమల్లుతోని కారు పంపిస్తున్న. ఒక్కసారి తీస్కరాగలవా?"

ఆయన తల్లి జానకీబాయి. కుక్కపిల్లగా ఉన్నప్పుడు దొర ఆమె పాదాల మీదే పడుకునేవాడట. దొరకు అప్పటికి ఎనిమిదేళ్లు దాటాయి. ఆ ఎండలో రెండు గంటల ప్రయాణం ప్రమాదం. తడిపిన గోనెసంచులు, ఐసు డబ్బా పట్టుకొని నేను కూడా కారెక్కాను. గోదావరి దాటేటప్పుడు దొర నా ఒళ్లో తల పెట్టుకొని రొప్పుతున్నాడు.

"మీ సైన్సు ఏమంటది డాక్టరమ్మా?" అన్నాడు బుచ్చిరాములు.

"కారు దిగగానే సరాసరి పెట్టె దగ్గరికి పోతాడు అంటుంది" అన్నాను.

ఆ ఇంటి హాలు పెళ్లి మండపమంత ఉంది. రెండు ఏసీలు నడుస్తున్నాయి. మధ్యలో పెట్టె, చుట్టూ తెల్లబట్టల్లో చుట్టాలు. తెల్లచొక్కాల పెద్దమనుషులు నలుగురు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. దొర వాళ్ల కాళ్ల మధ్య ఇరుక్కున్నాడు. బుచ్చిరాములు అలవాటుకొద్దీ గొంతు పెంచాడు.

"దొరా, పక్కకు జరుగు. తొవ్వకడ్డం నిలవడకు."

ముగ్గురు పెద్దమనుషులు పక్కకు జరిగారు. నాలుగో ఆయన సారీ కూడా చెప్పాడు. బుచ్చిరాములు ముఖం ఎలా పెట్టాలో తెలియక తల వంచుకున్నాడు. నేను పైటకొంగు నోట్లో కుక్కుకున్నాను. చావింట్లో అంత కష్టపడి నవ్వు ఆపుకోవడం నాకు అదే మొదటిసారి.

దొర పెట్టె దాకా వెళ్లాడు. అద్దాన్ని ఒకసారి వాసన చూశాడు. పడుకుంటాడనుకున్నాను. పడుకోలేదు. చుట్టూ చూసి, ఏసీ గాలిలోంచి నడిచి, వంటింట్లోంచి వెనక దర్వాజా గుండా పెరట్లోకి వెళ్లిపోయాడు.

పెరట్లో నిప్పుల ఎండ. గిన్నెలు తోమే బండ పక్కన ఒక ముసలామె కూర్చొని బగోనా తోముతోంది. అది ఎప్పుడో తెల్లబడింది. అయినా తోముతూనే ఉంది. ఆమె చంద్రవ్వ. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో పని. చివరి ఆరేళ్లు జానకీబాయికి స్నానం చేయించింది, అన్నం తినిపించింది ఆమే. లోపల అరవైమంది కూర్చున్నారు. ఆమెను రమ్మని ఎవరికీ తోచలేదు. రావాలని ఆమెకూ తోచలేదు.

దొర వెళ్లి ఆ కాలిన బండ మీద, ఆమె పక్కనే పడుకున్నాడు.

నేను తడి గోనెసంచి పట్టుకొని పరిగెత్తాను. "దొరా, లోపలికి నడువు. ఇక్కడుంటే చచ్చిపోతావు." కదల్లేదు. తాడు పట్టి లాగాను. బండి లాగే జాతిని నేనేం లాగుతాను.

"పొమ్మను గీన్ని" అంది చంద్రవ్వ, తల ఎత్తకుండా. "రెండేండ్లు వీని బొచ్చు ఊడ్శి ఊడ్శి నడుము వడిపోయింది. అమ్మనేమో ఉండనియ్యే అంటుండె."

అమ్మ అన్న మాట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. బగోనా జారి బండ మీద పడింది. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది. దొర ఆమె మోకాలి మీద తల పెట్టాడు. వాడి నాలుక బయటికి వేలాడుతోంది. నేను గోనెసంచి వాడి వీపు మీద కప్పాను. అక్కడ చల్లగా ఉన్నది ఏదీ లేదు. చెప్పడానికి నా దగ్గర చల్లటి బండలు కూడా మిగల్లేదు.

కుక్కను వెతుక్కుంటూ వంశీధర్‌రావు వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. "చంద్రవ్వా, లోపటికి రా. అమ్మ దగ్గర కూసో" అన్నాడు.

"చేతులకు మసున్నది దొరా."

దొరా అన్న మాట విని కుక్క లేచింది. లేవబోయి తూలిన చంద్రవ్వ పడిపోకుండా దాని తాడు పట్టుకుంది. తాడు బిగిసింది. వాడికి బిగిసిన తాడుకు ఒక్కటే అర్థం. ఇక లాగాడు. వంటిల్లు దాటించాడు, హాల్లోకి తెచ్చాడు. చుట్టాలు కాళ్లు ముడుచుకున్నారు. "ఆగు సచ్చినోడా, ఆగు" అని చంద్రవ్వ అంటూనే ఉంది. పెట్టె దగ్గరికి చేర్చి ఆగాడు. ఆమె అక్కడే కూలబడి అద్దం మీద మసి చెయ్యి పెట్టింది. ఎవరూ తీయమనలేదు. వంశీధర్‌రావు తనే వెళ్లి ఆమెకు గ్లాసుతో, కుక్కకు గిన్నెతో నీళ్లు తెచ్చాడు.

తిరుగు ప్రయాణంలో బుచ్చిరాములు నన్ను ఏమీ అడగలేదు. పెద్దమనిషి.

ఆ తర్వాత దొర ఒక ఏడాది బతికాడు. ఈ మే నెలలో మూత్రపిండాలు చెడిపోయాయి. నాలుగు రోజులు సెలైను ఎక్కించాను. ఐదోరోజు పొద్దున, ఫ్యాను కింద, బుచ్చిరాములు చెప్పుల మీద మూతి పెట్టుకొని పోయాడు. ఫ్రీజర్ పెట్టె తెప్పిద్దామని కాలనీవాళ్లు అన్నారు. బుచ్చిరాములు వద్దన్నాడు. శ్యామల పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా కూర్చుంది. కాలనీ వెనక వేపచెట్ల దగ్గర గొయ్యి తీశారు. ముప్పై నాలుగేళ్లు భూమి తవ్విన మనిషి ఆ గొయ్యిలో ఒక్క పార మట్టి కూడా తియ్యలేకపోయాడు.

రెండు రోజులు బుచ్చిరాములు మాట్లాడలేదు, సరిగ్గా తినలేదు. మూడో రోజు పదిగంటలకు కరీంనగర్ బస్సు దిగి చంద్రవ్వ వచ్చింది. రాయమల్లు చెప్పాడట. సమ్మవ్వ పీట వేసింది. చంద్రవ్వ పీట పక్కకు జరిపి, బుచ్చిరాములు కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది.

"నేనేం మాట్లాడనే. దొర లెక్క ఊకె కూసుంటందుకు వచ్చిన" అంది.

ఆ తర్వాత ఆగకుండా మాట్లాడింది. మోకాళ్ల నొప్పుల గురించి, బస్సులో సీటు ఇవ్వని పిల్ల గురించి, వంశీధర్‌రావు ఇంట్లో కొత్త మిక్సీ చేసే చప్పుడు గురించి, ధర్మపురిలో జానకీబాయి అస్థికలు కలిపినప్పుడు తన చెప్పులు పోయిన సంగతి గురించి. మధ్యలో సమ్మవ్వ అన్నం పెడితే తింటూ మాట్లాడింది. ఆమెకు కంపెనీ ఇస్తూ బుచ్చిరాములు కూడా నాలుగు ముద్దలు తిన్నాడు. నేను వెళ్లేసరికి నాలుగైంది. ఆమె బస్సుకు లేస్తోంది.

"చంద్రవ్వా, ఏమనుకోకు" అన్నాడు బుచ్చిరాములు. "దొర నయముండె. నోరు తెర్వకపోతుండె."

చంద్రవ్వ ఏమీ అనుకోలేదు. చెప్పులు వేసుకుంటూ, "ఆడోళ్లకు బస్సు ఫ్రీయే గద. రోజూ వస్త" అంది.

"రోజూ వద్దు."

ఆమె గేటు దాకా వెళ్లింది. బుచ్చిరాములు దగ్గి, గొంతు సరిచేసుకున్నాడు.

"ఆదివారం రా" అన్నాడు.