మంచాల కల్లు, మీర్‌పేట్ గుమ్మం

హైదరాబాద్ బార్లలో ఈ మధ్య ఏం తాగినా దాని ముందు ఆర్గానిక్ అన్న మాట ఉండాలి. ఆర్గానిక్ జిన్, ఆర్గానిక్ రమ్ము, చివరికి గ్లాసు అంచున గుచ్చే నిమ్మచెక్క కూడా. మా మేనేజరు ఇంకో అడుగు ముందుకేసి, "చెట్టు మీంచి దించిన కల్లుతో కాక్‌టెయిల్ చెయ్యి, సాయంత్రానికి" అన్నాడు. నేను మాదాపూర్‌లో ఒక బార్‌లో డ్రింకులు కలుపుతాను. అమ్మకి మాత్రం హోటల్లో జ్యూసు సెక్షనని చెప్పాను. నిజం తెలిస్తే ఆ రోజుతో ఉద్యోగం మాన్పించేస్తుందని నా భయం. అందుకే ఆర్గానిక్ పళ్ళ కోసం మంచాల వెళ్తున్నానని చెప్పి బయల్దేరాను.

ఉదయం 5:40కి మీర్‌పేట్‌లో షేర్ ఆటో ఎక్కాను. సాగర్ రోడ్డు దాకా ఇరవై రూపాయలు. 6:05కి ఇబ్రహీంపట్నం బస్సు దొరికింది. ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే చాలు, డబ్బులక్కర్లేదు. మన్నెగూడ దాటినా ప్లాట్ల బోర్డులు అయిపోవు, చదువుకుంటూ పోవచ్చు. 6:50కి దిగి బస్టాండు బయట నాలుగిడ్లీలు తిన్నాను. పల్లీ చట్నీ బాగుంది. టీ అడిగితే పాయసమంత తియ్యగా ఇచ్చారు. 7:15కి మంచాల బస్సు.

ఎనిమిదింటికి ఊరి చివర తాటిచెట్ల దగ్గరికి చేరేసరికి కల్లు గీసే సాయన్న అప్పుడే చెట్టు దిగి నడుముకి కట్టిన మోకుతాడు విప్పుకుంటున్నాడు. నా దోసిట్లో తాటాకు మడిచి పెట్టి, పైనుంచి కుండ వంచాడు. కొబ్బరినీళ్ళలా తియ్యగా ఉండి, చివర్లో కాస్త చురుక్కుమంది.

"ఇది ఆర్గానిక్కే కదా బాబాయ్, మందులేమీ కొట్టరు కదా?" అన్నాను.

ఆయన తల ఎత్తి చెట్టు కొసకేసి చూశాడు. "గంత పైకెక్కి మందెవడు కొడ్తడు బిడ్డా?"

రెండు పెద్ద ప్లాస్టిక్ సీసాలు నింపి, మూతలు ఊరికే పైన పెట్టిచ్చాడు. "మూతలు బిగియ్యకు. జర గాలి ఆడనియ్యి" అన్నాడు. సరేనన్నాను. కానీ బస్సులో ఒలికితే పరువు పోతుందని, ఊళ్ళోకి రాగానే రెండు మూతల్నీ పళ్ళు బిగబట్టి మరీ తిప్పాను. రోజూ షేకర్లు ఊపే చేతులు కదా, బాగానే బిగిశాయి.

9:10కి హైదరాబాద్ బస్సు. ఎండ పడే కిటికీ సీటు, పక్కన టమాటా బుట్టతో ఒకావిడ. ఇబ్రహీంపట్నం దాటాక ఒక సీసా ఉబ్బడం చూశాను. మూత మీద చెయ్యి వేశానో లేదో, అది ఎగిరి బస్సు పైకప్పుకి తగిలింది. సీసాలో సగం నా డ్రెస్సు మీదే.

"పొద్దుగాల్నే కల్లెవలదమ్మా?" అన్నాడు కండక్టర్. నేను చెప్పక్కర్లేకపోయింది.

పక్కావిడ కొంగుతో నా మొహం తుడిచి, రెండో మూత మెల్లగా వదులు చేసింది. "గట్ల బిగిస్తే ఊకుంటదా బిడ్డా? దానికి పానమున్నది" అంది. మేం పెద్ద ఫ్యాషన్‌గా ఆర్గానిక్ అని చెప్పుకునేది ఆవిడకి చిన్నప్పట్నించీ తెలుసు. నాకు సిగ్గేసింది.

10:20కి మీర్‌పేట్. మెల్లగా లోపలికి జారుకుందామనుకున్నాను గానీ అమ్మ గుమ్మంలోనే ఉంది. ఒక్కసారి గాలి పీల్చింది. ఇక అబద్ధం చెప్పే ఓపిక లేక, "నేను చేసేది బార్‌లోనే అమ్మా, కాక్‌టెయిళ్ళు కలుపుతాను" అనేశాను.

"ఏడాది నుంచీ జ్యూసు సెక్షనంటున్నావు. ఒక్కనాడైనా ఇంటికో జ్యూసు తెచ్చావా? ఆ మాత్రం తెలీదనుకున్నావా నాకు?" అంది అమ్మ. నా చేతిలోంచి నిండుగా ఉన్న రెండో సీసా అందుకుని, స్టీలు గ్లాసులో రెండు గుక్కలు పోసుకుని తాగింది.

"ఇదైనా తెచ్చావు, నయం."