రెండు ఫొటోల్లో ఒకే మోకు

ఈ ముచ్చట మా వాడకట్టులో అప్పుడే పెరిగిపోయింది. చనిపోయిన మా నాన్న, మా బాపు, ఫొటోలోంచి మాట్లాడిండని కూడా అంటున్నారు. అందుకే జరిగినంతే రాసిపెడుతున్నాను.

దయ్యాల మీద నాకెన్నడూ నమ్మకం లేదు. పదో తరగతితో చదువు ఆగినా, సిద్దిపేట గ్రంథాలయంలో కాంతి గురించి, కటకాల గురించి దొరికిన పుస్తకమల్లా చదివి కెమెరా నేర్చుకున్నవాణ్ణి.

మా బాపు మల్లయ్య తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆయన భయం. నేను కెమెరా తీస్తే చాలు, వీపు తిప్పేవాడు. పోయినాక చూస్తే ఒక్క ఫొటో లేదు. పెత్రమాసనాడు, అదే పితృ అమావాస్యనాడు, పెద్దలకు పెట్టేటప్పుడు అందరూ ఫొటో పెడతారు. మా అమ్మ, మేం అవ్వ అంటాం, ఆయన చెట్టెక్కే తాడు, ఆ మోకునే పీట మీద పెడుతుంది.

"ఊరందరి ఫొటోలు తీస్తవు. మీ బాపుది ఒక్కటి లేకపాయె," అంటుంది ప్రతిసారీ.

దూరప్రాంతాల పాత కట్టడాలు తీయడం నా పిచ్చి. పోయిన ఎండాకాలం స్నేహితుడు రాజుతో హిమాలయాల్లోని స్పితి వెళ్లి, కొండకు అతుక్కున్న మట్టి మఠాన్ని తీశాను. చలికాలంలో గుజరాత్‌లోని కచ్ వెళ్లి, ఉప్పు మైదానం అంచున గుండ్రటి మట్టి ఇళ్లు తీశాను. ఎదురుగా మనిషన్నవాడు లేకుండా పోయేదాకా ఆగి తీయడం నా పద్ధతి. రెండుచోట్లా అట్లే ఆగాను. రాజు పక్కనే ఉన్నాడు.

ఇంట్లో ఆ రెండూ కంప్యూటర్‌లో చూస్తుంటే అవ్వ చాయ్ తెచ్చింది. మఠం మెట్ల కింద వేలు పెట్టింది.

"గీడ నిలవడ్డదెవలురా?"

పెద్దది చేశాను. అటు తిరిగి నిలబడ్డ మనిషి. ఎడమ భుజాన చుట్టిన మోకు. కచ్ ఫొటోలో ఇంటి వెనక కూడా అదే మనిషి, అదే మోకు. వాటికి ముందూ వెనకా తీసినవాటిలో ఎవరూ లేరు. తాటిచెట్టు కనబడని జాగలవి.

అవ్వ ఏడవలేదు. కోపం చేసింది. "సిద్దిపేట దాటనోణ్ణి గంత దూరం ఎవలు తోలుకపోయిన్రు? నాకొక్క మాట చెప్పకపాయె!" ఫొటోకు దగ్గరగా వంగి మళ్లీ అంది, "మొఖం మాత్రం చూపియ్యడు. సచ్చినా గా బుద్ధి పోలె."

కటకం మీద మరక, ఒకదానిపై ఒకటి పడ్డ బొమ్మలు, చదివినవన్నీ సరిచూశాను. ఏదీ కుదరలేదు. అదేమిటో నాకిప్పటికీ తెలియదు.

ఈ పెత్రమాసకు అవ్వ మోకు పక్కన స్పితి ఫొటో పెట్టింది.

వెంట వచ్చిన రాజుకు, మఠం చూపించిన తెన్జిన్ గారికి, కచ్‌లో రొట్టెలు పెట్టిన హంసాబెన్‌కు, అడిగిన పుస్తకం వెతికిచ్చే గ్రంథాలయం కనకయ్య సారుకు, మా అవ్వ లచ్చవ్వకు కృతజ్ఞతలు. అటు తిరిగైనా ఫొటోలో నిలబడ్డందుకు మా బాపు మల్లయ్యకు కూడా.