ఉప్పు చూసే ఆకు

మందస దగ్గరి ఆ ఊళ్లో పెళ్లి వంటకు ఒక పద్ధతి ఉంది. కూర గుండిగ దించాక ఆకులో కాస్త వేసిస్తే ఇంటి పెద్ద ఉప్పు చూడాలి. ఆయన సరేననేదాకా ఏ విస్తరిలోనూ కూర పడదు. తారకేశ్వరరావు వంశంలో తండ్రి పోయిననాటి నుంచి ఆ పెద్దరికం ఆయనదే.

ఆయనేం సామాన్యుడు కాడు. ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి రెండుసార్లు సర్పంచి అయ్యాడు. పలాస బస్సును ఊరి నడిమధ్యకు రప్పించింది ఆయనే. తుపానుకు జీడితోటలు నేలకూలితే, అధికారులు రాకముందే రంపాలు తెప్పించి దారి తీయించిందీ ఆయనే. అంతటివాణ్ణి పెద్దపేగు లొంగదీసింది.

పేగులో పుండ్లట. పూర్తిగా పోయేది కాదు, మందులతోనూ పథ్యంతోనూ నెట్టుకురావాలన్నాడు విశాఖ డాక్టరు. అప్పటినుంచీ ఉప్పూకారం లేని మెత్తటి అన్నం, పల్చటి మజ్జిగ. తాను రప్పించిన బస్సెక్కాలంటే ఆయనకే భయం. కాశీబుగ్గలో దిగితే ముందు మరుగుదొడ్డి ఎక్కడో చూసుకున్నాకే ఏ పనైనా. పైకి ఏమీ కనిపించదు గనక "కిడ్నీ కాదు గదా, అదృష్టమంతుడివి" అనేవాళ్లే అందరూ. ఎందరినో మింగిన కిడ్నీ జబ్బంటే ఈ ఉద్దానంలో జనం గొంతు తగ్గించి మాట్లాడతారు. కడుపు జబ్బంటే వాము నమలమంటారు. ఆ తగ్గించిన గొంతు మీద కూడా ఆయనకు ఒక్కోసారి అసూయ పుట్టేది, పుట్టినందుకు సిగ్గూ వేసేది.

అసలు కడుపుమంట మాత్రం భార్య అన్నగారు గోవిందరావు మీద. తనకన్నా పెద్దవాడు. ఎండుచేపల పులుసైనా, పనసగింజల వేపుడైనా మారు అడిగి తిని, అరుగు మీద గుర్రుపెట్టి పడుకుంటాడు.

తమ్ముడి కూతురు హేమ పెళ్లికి పనసకాయ కూర వండించారు. ఈసారి ఉప్పు మా అన్నయ్యను చూడనివ్వమని భార్య భారతి ముందే బతిమాలింది. తారకేశ్వరరావు ఒప్పుకోలేదు. ఆ ఆకు గోవిందరావు చేతికి పోయిందంటే, ఇక తాను పథ్యం మనిషే తప్ప ఇంటి పెద్ద కాడు.

వంట రామూర్తి ఆకులో కూర తెచ్చాడు. నాలుక మీద పడగానే ఉప్పు దండిగా తగిలింది. ఆవ ఘాటుకు కళ్లు చెమర్చాయి.

"సరిపోయింది. వడ్డించు" అన్నాడాయన.

మొదటి పంక్తి కూర్చుంది. కాసేపటికే ఉప్పు గిన్నె ఆ చివరినుంచి ఈ చివరికి తిరగసాగింది. ఆయన మీద గౌరవంతో ఎవరూ నోరెత్తలేదు. గోవిందరావు కూడా చిటికెడు ఉప్పు కలుపుకుని నిశ్చింతగా తినేశాడు. ఆ నిశ్చింతే తారకేశ్వరరావుకు గుచ్చుకుంది. ఏళ్ల తరబడి చప్పిడి తిన్న నాలుకకు చిటికెడు ఉప్పే గుప్పెడనిపించిందని అప్పుడర్థమైంది.

రెండో గుండిగ దిగింది. రామూర్తి ఆకు పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు. తారకేశ్వరరావుకు అప్పటికే కడుపులో మెలిపెడుతోంది. ఆకు తీసుకుని, అప్పుడే చెయ్యి కడుక్కుని వస్తున్న గోవిందరావు ముందు పెట్టాడు.

"నువ్వు సూడు బావా."

"నువ్వుండగా నానేటి సూత్తాను?"

"నా నాలిక్కి అంతా ఉప్పగానే ఉంటంది. సూడు."

గోవిందరావు రుచి చూసి, ఇంకో గుప్పెడు పడాలన్నాడు. అంతటితో ఆగక ఆకులోదంతా తిని వేళ్లు నాకాడు. తారకేశ్వరరావు ఒక్కో ముద్దా గొంతు దిగడం చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఆకుదొన్నెలో పులుసు తెచ్చినప్పుడు రామూర్తి నేరుగా గోవిందరావు దగ్గరికే వెళ్లాడు, ఇటు చూడనే లేదు.

తారకేశ్వరరావును కడుపు ఆగనివ్వలేదు. చెంబు పట్టుకుని పెరట్లోకి పరుగులాంటి నడకతో వెళ్లాడు. తిరిగొచ్చేసరికి గోవిందరావు రెండో పంక్తిలోనూ కూర్చుని ఉన్నాడు, ఈసారి కూర కుదిరిందో లేదో చూడాలట.

భారతి మజ్జిగన్నం తెచ్చి పెట్టింది. తారకేశ్వరరావు పీట గోడవైపు తిప్పుకున్నాడు. పనస కూర వాసన అక్కడికీ వచ్చింది.