అత్తయ్య అరచేతిలో గ్రహణం

గ్రహణమంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. అంటించింది మా నాన్న. ఆయన కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవాడు. ఆదివారం వస్తే నన్ను కిల్లా ఎక్కించేవాడు. అక్కడ ఓ పాడుబడ్డ గది, దాని పైకప్పులో మూడు మూలల కంత ఉండేవి. అందులోంచి నేల మీద పడే ఎండ మాత్రం రూపాయి బిళ్ళలా గుండ్రంగా ఉండేది.

"కంత అలా ఉంటే ఎండ గుండ్రంగా ఎందుకుంది నాన్నా?" అని అడిగాను.

"అది కంత ఆకారం కాదమ్మా, సూర్యుడి బొమ్మ. గ్రహణం రోజున కొరికిన బిస్కెట్టులా పడుతుంది. చూపిస్తాలే" అన్నాడు.

తర్వాత వచ్చిన గ్రహణానికి మబ్బు పట్టింది. ఆ తర్వాతి దానికి నాకు పరీక్ష. చివరికి విజయవాడలో, మబ్బు తునక లేని పొద్దుటి పూట ఒకటి వచ్చేసరికి నాకు ఆరో నెల. ఇక చూడాలి మా అత్తయ్య హడావిడి!

ఆవకాయ జాడీల్లో, మంచినీళ్ళ బిందెలో దర్భలు వేసింది. నా మీద ఒక్క కిరణం కూడా పడకూడదంది. మా గది తూర్పు కిటికీకి కర్టెన్ చాలదంది. మా ఆయనకి ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డుంది. అక్కణ్ణుంచి పాత బస్సు రేకొకటి తెచ్చి కిటికీకి బిగించాడు. తలుపు సందుల్లో అత్తయ్య పాత చీరలు కుక్కింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క నిమిషం బయట చూసొస్తా అత్తయ్యా."

"నోర్ముయ్. తిన్నగా కూర్చో. గోక్కోకు."

"చాదస్తం" అన్నాను పైకే.

అత్తయ్య కోప్పడలేదు. వచ్చి మంచం మీద నా పక్కన కూర్చుంది. "నా తొలి కాన్పప్పుడు నేనూ ఇదే మాటన్నానే. గ్రహణంలో పెరట్లోకెళ్ళి బట్టలారేశాను. పిల్లాడు మూడు రోజులే ఉన్నాడు. మా అత్త పోయేదాకా నన్ను దెప్పుతూనే ఉంది" అంది.

ఇద్దరం చీకట్లో కూర్చున్నాం. అత్తయ్య కళ్ళు మూసుకుని స్తోత్రం అందుకుంది.

అప్పుడు చూశాను. నా నైటీ మీద, సరిగ్గా పొట్ట దగ్గర, రూపాయి బిళ్ళంత వెలుగు. ఓ పక్క కొరికేసి ఉంది! తలెత్తితే రేకులో తుప్పు తిన్న చిల్లు కనబడింది, అదీ మూడు మూలలదే. గదిని అంత పకడ్బందీగా మూశారు కనకే బొమ్మ అంత స్పష్టంగా పడింది. చెబితే మూయించేస్తుందని కిక్కురుమనకుండా చూసుకున్నాను. లోపల భయం లేకపోలేదు. అయినా చివరికి నవ్వాగలేదు.

అత్తయ్య కళ్ళు తెరిచి, "ఓరి నాయనో!" అని అరచెయ్యి అడ్డం పెట్టింది. సూర్యుడు ఆవిడ చేతిలో పడ్డాడు. లేచి చిల్లు మూద్దామంటే చెయ్యి తియ్యాలి. నన్ను జరగమందామా అంటే గ్రహణంలో కదలకూడదు. కొడుకుని కేకేసింది. ఆయన హాల్లో టీవీ పెద్దగా పెట్టుకుని గ్రహణమే చూస్తున్నాడు. చీరలు కుక్కిన తలుపులోంచి ఏం వినబడుతుంది!

గంటకు పైగా అలాగే కూర్చుంది. వెలుగు నా పొట్ట మీంచి ఒళ్ళోకి, ఒళ్ళోంచి మోకాళ్ళ మీదికి జారుతుంటే దానితోపాటే చెయ్యి జరిపింది. కాసేపటికి, "ఏమే, సన్నబడిపోతున్నాడు" అంది. ఇంకాసేపటికి, "తేరుకుంటున్నాడే!" అంది, జ్వరం తగ్గుతున్న పిల్లాణ్ణి చూసినట్టు. నేను చూడాలనుకున్నదంతా ఆవిడ అరచేతి గీతల మీద చూశాను.

విడుపు స్నానం అయ్యాక దిగులు పట్టుకుంది. "నేను చూడకముందు ఎంతసేపు పడిందే?" అని మూడు నెలలు రోజూ అడిగింది. "రెప్పపాటే" అని నేనూ రోజూ అబద్ధమాడాను.

పాప పుట్టింది. ఆస్పత్రిలో అత్తయ్య ముందు పెదాలు చూసింది, తర్వాత వేళ్ళన్నీ ఒక్కొక్కటే తడిమింది. ఎక్కడా వంక లేదు. అప్పుడు నిజం చెప్పేశాను. "రెప్పపాటు కాదత్తయ్యా, పావుగంట పడింది."

తిడుతుందనుకున్నాను. "పావుగంటా?" అని పాప వంక చూస్తూ ఉండిపోయింది. "అయితే... నా పిల్లాణ్ణి నేనేం చెయ్యలేదన్నమాటేగా?"

"ఏం చెయ్యలేదత్తయ్యా."

ఎన్నేళ్ళదో, ఆ ఏడుపంతా అక్కడే ఏడ్చేసింది. పాపా అందుకుంది. నర్సు పరిగెత్తుకొచ్చి ఎవరికేమైందని కంగారుపడింది.

మొన్న ఇల్లు సర్దుతూ మా ఆయన ఆ రేకుని పాత ఇనుముకి వేసేస్తానన్నాడు. అత్తయ్య చీపురు పట్టుకుని అడ్డం నిలబడింది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. ఈసారి గ్రహణం నా మనవరాలికి చూపిస్తానన్నాను."